పదిహేడో చేప

క్లైపేడా రేవులో
క్రేన్లకు కరెంటు పని నాది.
రాత్రి తొమ్మిది దాటాక మాత్రం
ఒక చిన్న ఆటకు నేనే దేవుణ్ణి, నేనే కూలీని.
గడ్డకట్టిన నీళ్లు, ఒక దీపస్తంభం,
మంచు కింద తిరిగే చేపలు, అంతే ఆట.
మూడేళ్లుగా రాస్తున్నాను.
ఆడేవాళ్లు నూటపన్నెండు మంది.

చేపల్ని యోగైలే గీసింది.
రేవు క్యాంటీన్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది.
బిల్లు కాయితాల వెనక
బీట్‌రూట్ సూపు మరక ఆరకముందే
ఒక్కో చేపకు ఒక్కో మొహం పెట్టింది.
డబ్బు వద్దంది. ఒకటే షరతు:
"రేపెవడో వీటిని ఎత్తుకెళ్లి
కప్పుల మీద అచ్చేసి అమ్మాడో,
నీ సూపులో ఉప్పుండదు."

అందుకని తాళం.

బొమ్మలూ చప్పుళ్లూ ఒక్క మూటగా కట్టి
బైటు బైటునూ నలగ్గొట్టి
గుర్తుపట్టరాని పిండి చేశాను.
మేజోడులో చుట్టిన ఫోనుతో
మంచు పగిలే చప్పుడు పట్టుకొచ్చానే, అదీ పిండే.
ఫైలు తెరిచి చూస్తే
సిరాలో మునిగిన చీమలు నడిచిపోయినట్టుంది.
ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది, రెండు గంటలు.

మూడో గంటకు లేచి కూర్చున్నాను.
ఆట ఆడాలంటే తాళం తీయాలి కదా.
తీయాలంటే చెవి ఆటలోనే ఉండాలి కదా.
ఇంటికి తాళం వేసి
చెవిని ఆ తలుపుకే మేకుతో కొట్టినట్టు.

నాలుగు ముక్కలు చేశాను దాన్ని.
ఒకటి స్కోరు లెక్కలో,
ఒకటి దీపం తిరిగే వేగంలో,
మూడోది కావాలనే తప్పుగా రాసిన ఒక పలకరింపులో,
నాలుగోది నాకే చప్పున గుర్తు రాదు.
ఇది తాళం కాదని నాకు తెలుసు.
దొంగకు వేసిన పొడుపుకథ.

మార్చిలో మెయిల్ వచ్చింది.
షౌలెయ్ ఊరు, పద్నాలుగేళ్లు, పేరు ఎయ్మాంతాస్.
"మీ తాళానికి పదకొండు రాత్రులు పట్టింది.
తప్పు అక్షరాన్ని పట్టుకుని లాగితే దారం వచ్చింది.
ఏమీ తీసుకోలేదు. ఒక్కటే అడగాలి.
పదిహేడో చేపకు కన్నెందుకు లేదు?
ఆటలో అదెక్కడా కనిపించదేం?"

అరచేతులు చల్లబడ్డాయి.

పదిహేడోదాన్ని పారేయమంది యోగైలే.
"అది గీసిన రోజు మంచిది కాదు, చించెయ్."
సరేనన్నాను.
కాయితం చించాను కూడా, ఆమె ముందే.
స్కాన్ చేసిన బొమ్మను మాత్రం
మూటలో అడుగున పెట్టి
మిగతావాటితో పాటు తాళం వేశాను.
బాగుంది మరి. అన్నిట్లోకీ అదే బాగుంది.
ఇన్నాళ్లూ నేను కాపలా కాసింది
ఎవరి నుంచి?

మర్నాడు క్యాంటీన్ వరసలో
నా వంతు వచ్చినప్పుడల్లా వెనకవాణ్ణి ముందుకు పంపాను.
చివరికి చెప్పేశాను. పిల్లాడి ప్రశ్న కూడా.
ఆమె చిల్లర లెక్కపెట్టడం ఆపలేదు.
ముప్పై, నలభై, నలభై అయిదు.
"కప్పుల మీదకు ఎక్కలేదుగా" అంది.
తర్వాత, చాలాసేపటికి,
"కన్ను పెట్టబోతుంటే ఫోను మోగింది. మా అన్న పడవ."
ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు.
సూపులో ఉప్పు సరిగ్గానే ఉంది.
గొంతు దిగలేదు, అంతే.

ఈ రాత్రి కొత్త వెర్షన్ కడుతున్నాను.
పదిహేడును నిజంగానే తీసేశాను.
రెండుసార్లు అడిగింది యంత్రం, రెండుసార్లూ అవునన్నాను.
పాత కాపీలు నూటపన్నెండు ఇళ్లలో ఉన్నాయి,
వాటిని ఏం చేయగలను.
తాళం మాత్రం ఉంచాను. గట్టిదేం కాదు,
తలుపు దగ్గరగా వేసి ఉందని చెప్పడానికి.

ఎయ్మాంతాస్‌కు జవాబు ఇంకా రాయలేదు.
తాళానికి చెవి ఉంటుంది గానీ కన్నుండదు
అని మొదలుపెట్టి, కొట్టేశాను.
నీ దగ్గరున్న చేపను తుడిచెయ్యి బాబూ అని అడగాలి.
సరేనంటాడు.
నేనూ అన్నాను.