చిటికెడు

టార్టులో మార్చి. నదిమీద మంచు ఇంకా విడవలేదు.
వీవిక తల దించుకుని కూర్చుంటుంది,
సిగ్గుతో కాదు,
తల దించితేనే లోపలి గాలి కాస్త సద్దుమణుగుతుంది.

లేచి నిలబడిందా,
తన ఊపిరి తనకే కొలిమితిత్తి.
"ఊఁ" అన్నా చాలు
ఖాళీ బిందెలో తలపెట్టి అరిచినట్టు.

బృందగానంలో చుట్టూ ముప్పైమంది పాడుతున్నా
వినిపించింది తానొక్కతే.
మూడో వారం వెళ్ళడం మానేసింది.

చెవి డాక్టరు దీపం పెట్టి చూశాడు.
ఊపిరి తీసినప్పుడల్లా కర్ణభేరి
తెరచాపలా లోనికీ, బయటికీ.
"ముక్కు వెనకనుంచి చెవికి సన్నని దారి ఒకటుంది.
దాన్ని మూసి ఉంచేది చిటికెడు కొవ్వు.
అదీ కరిగిపోయింది."

ఏ అద్దంలోనూ
ఎన్నడూ కనబడని చోటు.
దాన్నీ వదల్లేదన్నమాట తను.

నర్సు ఉర్వే బార్లీ జావ ముందు పెట్టి
తినమని అనలేదు.
కిటికీ దగ్గర కూర్చుని మేజోడు అల్లుతోంది, ఎవరి మనవడికో.
సూదుల టిక్కు టిక్కు
ఊపిరి సందుల్లోంచి, ఎక్కడో దూరంగా.

దాన్ని సరిగ్గా వినాలని
ఒక చెంచా.

రెండోది వెంటనే కాదు.
చల్లారాక.