నూట పదిహేడో సీసా

ఆటోనగర్‌లో డీజిల్ పంపులు విప్పి బిగించే చేతులు నావి.
ఏ ప్లంజరు అరిగిందో, ఏ వాల్వు కారుతోందో
బెంచి మీద పెట్టి తిప్పితే
గాజు గొట్టాలే చెప్పేస్తాయి.
నా పంపు సంగతి మాత్రం
ఆస్పత్రి మెట్ల మీద తెలిసింది,
రెండో అంతస్తుకి మూడుసార్లు కూర్చున్నాక.

పద్నాలుగు పేజీల కాగితం ఇచ్చింది ప్రిస్కిల్లా.
తెలుగే. అయినా 'యాదృచ్ఛికంగా' దగ్గర నాలుక మడతపడింది.
"లాటరీ బాబాయ్. సగం మందికి మందు, సగం మందికి ఉత్త బిళ్ళ.
ఎవరికేదో మీకు తెలీదు, నాకు తెలీదు, డాక్టరు గారికీ తెలీదు."
మరెవరికి తెలుసమ్మా?
"ఎక్కడో ఒక కంప్యూటరుకి."
హుస్సేన్‌బీ నవ్వింది:
"ఇన్నాళ్ళూ అల్లా ఒక్కడికే అనుకున్నా."

ఏ రోజైనా మానుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు
అని ఉంది ఏడో పేజీలో.
ఆ ముక్క రెండుసార్లు చదివాను.
యాభై ఎనిమిదేళ్ళలో అలాంటి మాట
నాకెవరూ రాసివ్వలేదు.

నెలకోసారి నడక.
వరండాలో ఆ చివరొక నారింజ కోను, ఈ చివరొకటి,
ఆరు నిమిషాలు.
స్టాప్‌వాచి పట్టుకుని "బాగా నడుస్తున్నారు" అంటుంది ప్రిస్కిల్లా.
అంతకు మించి అనకూడదట.
మొదటిసారి రెండొందల ఎనభై మీటర్లు,
మూడోసారికి మూడొందల పది.
ఆ ముప్పై నా గుండెవో, నా ఆశవో.

పెనమలూరు నుంచి నాంచారమ్మ వచ్చేది, ఇడ్లీ బండి ఆవిడ.
"నా బిళ్ళ చేదు. నీది?"
నాదీ చేదే.
"అయితే ఇద్దరికీ మందే పడిందిరా ఖాజావలీ!"
లేదా ఇద్దరికీ సుద్దే.
బల్ల ఊగేలా నవ్వాం. ప్రిస్కిల్లా కోప్పడింది.

సీసాలు తిరిగివ్వాలి.
మిగిలిన బిళ్ళలు నీలం పళ్ళెంలో పోసి
పుల్లతో ఐదేసి జరుపుతుంది.
ఒక నెల నావి రెండు ఎక్కువొచ్చాయి.
కింద పడిపోయాయనబోయి ఆగాను.
కొలత బల్ల ముందు బొంకే మెకానిక్కు బాగుచేసిన బండి
ఏదో ఒక ఘాట్ రోడ్డు మలుపులో ఆగుతుంది.
మరిచిపోయానమ్మా, రాసుకో.

బుడమేరు సింగ్‌నగర్‌లోకి వచ్చిన రాత్రి
మోకాలు, నడుము, రొమ్ము.
హుస్సేన్‌బీ కుట్టుమిషను వదిలేసింది.
నేను ఇంటి పట్టా మరిచాను.
సీసాని పాల కవర్లో చుట్టి తలగుడ్డలో కట్టుకున్నాను.
ఎదురింటి మేడ మీద మూడు రోజులు
పైనుంచి పడ్డ నీళ్ళ పొట్లాలతో
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.
తప్పలేదు.

తర్వాతి నెల నాంచారమ్మ రాలేదు.
సీసా మనవడు తెచ్చాడు.
పళ్ళెంలో పదకొండు.
ప్రిస్కిల్లా రెండుసార్లు లెక్కపెట్టింది.
మూడోసారీ పెట్టింది.
పదకొండే.

రెండేళ్ళకి కవరొచ్చింది.
మందు పనిచేస్తుందని తేలిందట.
నూట పదిహేడో నంబరుకి ఇచ్చింది ఉత్త బిళ్ళట.
వరదలో నెత్తిన మోసింది సుద్దముక్కలన్నమాట.
ఈసారి హుస్సేన్‌బీ నవ్వలేదు.
నాంచారమ్మదేమిటని అడిగాను.
వేరేవాళ్ళది చెప్పకూడదట. కాగితంలో ఉందట.

మా షెడ్డు అరలో ఒక పాత పంపు ఉంది.
ఏ లారీకీ వెయ్యం.
దాంతో సరిచూసే మిగతావన్నీ బిగిస్తాం.
ముప్పై ఏళ్ళలో ఒక్క మైలు పోలేదది.
అది కొలిచిన బళ్ళు ఏ ఊళ్ళు తిరుగుతున్నాయో.
ఇవాళ కిందికి దించాను.
కిరసనాయిలు గుడ్డతో తుడిచి
మళ్ళీ అక్కడే పెట్టాను.

అసలు మందు రేపట్నుంచి.
ప్రిస్కిల్లా ఫోన్ చేసింది:
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.
చేదుగా ఉంటుందా అని
నేనడగలేదు.