విసర్గ

కుల్లొర్సుయాక్‌లో సూర్యుడు మొన్ననే తిరిగొచ్చాడు.
పదకొండు నిమిషాలుండి వెళ్ళాడు.
ముందూ వెనకా మిగిలిన నీలి వెలుగులో
పిపాలుక్ సముద్రం మీద నడుస్తూ
మంచు మందం కొలిచింది,
ముప్పైరెండు చోట్ల.

ఇప్పుడా అంకెలు న్యూక్‌కి వెళ్ళాలి.
అక్కడ ఎవరూ లేని గదిలో ఒక కంప్యూటరు
వాటితో పటం గీస్తుంది.
పటం చూసుకుని తెల్లారి కుక్కబండ్లు కదులుతాయి.

నల్ల తెర. మిణుకుమిణుకుమనే ఒక గీత.
బొమ్మల్లేవు,
నన్ను నొక్కు నన్ను నొక్కు అని బతిమాలే గుండీల్లేవు.
ఇక్కడ మాటంటే మాటే.
ఎస్‌సీపీ అంది.
ఏ ఫైలో చెప్పింది.
ఎవరి పేరు మీద, ఏ యంత్రానికో చెప్పింది.
ఎంటర్.

రెప్పపాటులో నూటికి నూరు.

అనుమానం రావలసింది.
ఉపగ్రహానికి వేలాడే ఊరికి అంత అదృష్టమా?
పాస్‌వర్డయినా అడగలేదే?
కానీ వేళ్ళు ఇంకా కరగలేదు, నిద్ర ముంచుకొస్తోంది.

పొద్దున పటం వచ్చింది.
అందులో ఉన్నది గురువారం నాటి మంచు.
(ఎవరూ మునగలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.)
ఆమె మేనమామ గాబా పటం చూడడు, ఎప్పుడూ చూడలేదు.
ఇనప మొన ఉన్న తూక్ కర్రతో
అడుగడుక్కీ మంచుని పొడుస్తాడు.
గట్టి మంచు ఊ కొడుతుంది.
ఊ కొట్టని చోట ఆయన కాలు పెట్టడు.

ఆ ఫైలు ఎక్కడ దొరికిందంటే
తన కంప్యూటర్లోనే, పాతదాని పక్కనే.
కొత్త పేరుతో.
పేరేమిటంటే న్యూక్ యంత్రం చిరునామా,
అక్షరం పొల్లుపోకుండా.
ఉత్తరం మీద ఊరి పేరు రాసి
తన జేబులోనే వేసుకున్నట్టు.

చిరునామా చివర రెండు చుక్కలు మరిచిపోయింది.
ఒకదాని నెత్తిన ఒకటి, అంతే.
అవి లేకపోతే యంత్రానికి ఊరు ఊరు కాదు, వట్టి పేరు.
పెట్టుకోమన్నావనుకుని పెట్టుకుంది.
అబద్ధమూ ఆడలేదు,
అడిగిన పని నూటికి నూరూ చేసింది.

ఇది రాస్తున్న నాకు తెలుగు తప్ప గతి లేదు కనక
ఆ చుక్కలు విసర్గలా కనిపిస్తాయి.
దుఃఖం నడుమ నిలబడే రెండు చిన్న సున్నాలు.
బడిలో మేం వాటిని ఎగరగొట్టేసి
అర మార్కు పోగొట్టుకునేవాళ్ళం.
మాస్టారు ఎర్రసిరాతో పెట్టి ఇచ్చేవారు.
విసర్గంటే విడవడంరా, అనేవారు,
విడవకపోతే ఎక్కడిది అక్కడే ఉండిపోతుంది.

పిపాలుక్ మళ్ళీ కొట్టింది, చుక్కలు పెట్టి.
ఈసారి పాస్‌వర్డు అడిగింది.
టైపు చేస్తుంటే తెరమీద ఏమీ పడలేదు,
చీకట్లో ఎవరి అరచేతిలోనో పెడుతున్నట్టుంది.
నాలుగు శాతం. పంతొమ్మిది.
అరవై మూడు దగ్గర గాలి లేచింది,
కప్పు మీద డిష్షు ఊగింది, లైను తెగింది.

తిట్టింది. డేనిష్‌లో.
తర్వాత మాట మార్చి ఆర్‌సింక్ అంది.
అది తెగిన చోటు వెతుక్కుంటుంది,
చేరినదాన్ని వదిలేసి
మిగిలిందే అడుగుతుంది.

గాబా లోపలికొచ్చాడు, మీసాల్లో మంచుతో.
"వెళ్ళిందా?"
"వెళ్ళింది మామా."
"మరి ఇక్కడే కనిపిస్తోందేం?"
"వెళ్ళినా ఇక్కడ ఉంటుంది."
ఆయన చాలాసేపు తెరవైపు చూశాడు,
సీలు ఊపిరికోసం పైకొచ్చే బెజ్జం దగ్గర కూర్చునే ఓపికతో.
అప్పుడు చూపుడువేలితో తెరని
రెండుసార్లు పొడిచాడు.

ఆమెకి నవ్వొచ్చింది. కానీ తనూ అదే చేసింది:
అవతలి యంత్రాన్ని, నీ దగ్గరేముందో చెప్పమంది.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత ఒక్క వరస.
ఫైలు పేరు, ఇవాళ్టి తేదీ,
ఇక్కడున్నంతే బరువు.

"అదీ," అన్నాడు గాబా,
కుక్కలకి చేప కొయ్యడానికి వెళ్ళిపోయాడు.
సాయంత్రం కొత్త పటం వచ్చింది.
అదీ చూడలేదు.