వట్రుసుడి

శుక్రవారమే మాకు ఆదివారం.
సాల్మియాలో బట్టల కొట్టు కింద నేలమాళిగ,
ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా తెలుగు దేవుడు.
తర్వాత మలయాళం. ఆ తర్వాత ఫిలిప్పీన్ వాళ్ళు.
సాయంత్రానికి ఇథియోపియా వాళ్ళ డప్పు.

నేను వెనక బల్ల దగ్గరుంటాను.
వారమంతా ఏసీలు విప్పిన చేతులతో
పాటని ముక్కలు ముక్కలుగా తెరమీదకి తోస్తాను.
పల్లవి. నొక్కు. చరణం. నొక్కు.
మళ్ళీ పల్లవి, ఈసారి వెనకాల నీలం ఆకాశం,
ఎవరిదో తెల్ల పావురం, ఇంటర్నెట్లో దొరికింది.
పొగ యంత్రం కూడా నా కిందే.
రెండో పాట మూడో చరణానికి వదలమన్నాడు జెకర్యా.
ఎందుకంటే, "సన్నిధి దిగినట్టుంటుంది" అన్నాడు.
ఆ పొగది గ్లిజరిన్ వాసన.
నాకు తెలుసు, నేనే పోస్తాను.

గోడమీద ఎర్ర అంకెలు వెనక్కి నడుస్తుంటాయి.
సాక్ష్యానికి మూడు నిమిషాలు.

మా ఊరి గుడి ఇలా ఉండేది కాదని చెప్పబోతాను,
చాపలు, కంజీర, కొంగు కప్పిన తలలు,
రాగం తప్పినా ఆగని ముసలి గొంతులు...
చెప్పబోయి ఆగుతాను.
మా ఊళ్ళో రెండు పేటలు, రెండు గుళ్ళు.
ఒకటే పాట, ఒకటే వాక్యం,
గంట మాత్రం పోటీలు పడి కొట్టేవాళ్ళం.
వాళ్ళ గిన్నె మేం ముట్టలేదు, మా గిన్నె వాళ్ళు.
ఇక్కడ పొగలో ఎవరి పేటా కనబడదు.
టీ దగ్గర మాత్రం మెల్లగా అడుగుతారు,
"మీది రాజోల్లో ఎటువైపండీ?"

నా రూములో ఉండే ఆశీర్వాదం అంటాడు,
"నాకా లైట్లే కావాలిరా.
ఆరు రోజులు సిమెంటు రంగు తప్ప ఏం చూస్తాను?"
వాడికేం చెప్పను.

పోయిన శుక్రవారం సువార్తమ్మ లేచింది.
నాలుగు నెలల తర్వాత మామా పంపింది, రెండు గంటలకి.
మైకు పట్టుకుని "ప్రభువు" అంది.
ఊపిరి తీసుకుని మళ్ళీ "ప్రభువు" అంది.
మూడు నిమిషాలూ ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది
తలుపు దొరకని మనిషిలా.
ఎర్ర అంకెలు సున్నాలయ్యాయి. జెకర్యా నావైపు చూశాడు.
నేను నొక్కాను.
డ్రమ్ము మొదలైంది. పావురం వచ్చింది.
మైకు ఎవరికివ్వాలో తెలియక
ఆమె దాన్ని తన కుర్చీలో పెట్టి
పక్క కుర్చీలో కూర్చుంది.

తర్వాత ప్రభు భోజనం.
ఇప్పుడదీ ప్లాస్టిక్ కప్పులోనే వస్తుంది,
పై రేకు కింద రొట్టె, లోపలి రేకు కింద రసం,
పెట్టెకి వంద.
ఒకరి చెయ్యి ఒకరికి తగలక్కర్లేదు.
సువార్తమ్మకి రేకు ఊడలేదు.
క్లోరాక్సు తినేసిన వేళ్ళు, అంచు దొరికించుకునే గోళ్ళు లేవు.
అయ్యగారు ప్రార్థన ముగించారు, అందరూ తినేశారు,
ఆమె ఇంకా గిల్లుతూనే ఉంది.

మలయాళం వాళ్ళ వంతుకి ముందే వచ్చిన నర్సొకామె,
రాత్రి డ్యూటీ బట్టల్లోనే, గోడకానుకుని నిలబడి చూస్తోంది.
చప్పుడు చెయ్యకుండా వచ్చి
మైకున్న కుర్చీ ఖాళీ చేసి కూర్చుంది.
కప్పు తీసుకుని, రేకు అంచు పళ్ళతో పట్టి లాగింది.
రసం చిందింది, తెల్ల కోటు మీద చిన్న మరక.
ఇద్దరికీ నవ్వొచ్చింది.
సువార్తమ్మ ఆ గోరంత బిళ్ళని విరిచి
సగం ఆమె చేతిలో పెట్టింది.
నవ్వుతున్నదల్లా ఏడ్చింది. ఏదో చెప్పింది.
తెలుగులోనే చెప్పింది, చాలాసేపు చెప్పింది.
ఆమెకేం అర్థమైందో, తలూపుతూనే ఉంది.

పొగ వదలడం మరిచిపోయాను.
జెకర్యా తిట్టాడు.

రాత్రి రూములో ఫైలు తెరిస్తే
నాలుగో పాటలో వట్రుసుడి ఎగిరిపోయి
"కృప" కాస్తా "కప" అయి ఉంది.
ఎన్ని శుక్రవారాల నుంచో.
ఒక్కరూ చెప్పలేదు. అందరూ కృప అనే పాడుతున్నారు.

దిద్దుదామనుకునేలోపు ఫర్వానియా నుంచి ఫోను,
ఎవరింట్లోనో ఏసీ నీళ్ళు కారుతోందట.
అలాగే వదిలేసి వెళ్ళాను.