పాత్రెరిగి

క్లైపెదా రేవు, ఫిబ్రవరి.
ఐదో నంబరు క్రేను కింద
నీళ్లు గడ్డకట్టాలా వద్దా అని తేల్చుకోలేదింకా.

వంతెన దగ్గరి కాటా చెప్పింది:
పద్దెనిమిది వేల నాలుగువందల ముప్పై ఒకటి.
క్రేను తెర చెప్పింది:
పద్దెనిమిది వేల నూట డెబ్బై ఆరు.
ఏ పెట్టె ఎత్తినా ఎంతో కొంత తరుగు,
ఎప్పుడూ రెండువందల యాభై ఐదు కిలోలు దాటని తరుగు.
"దొంగైతే ఇంత మర్యాదగా ఎత్తుకుపోడు"
అంది ఉర్షులె, కోటు విప్పకుండానే కుర్చీలాక్కుని.

ఆ ఒక్క నౌకకే ఈ తరుగు.
పేరు రెగీనా స్తానిస్లోవైతియెనె.
వాళ్ల లిపిలో, నడుమ ఖాళీతో కలిపి
వేలు పెట్టి లెక్కిస్తే ఇరవైమూడు.
పేరుకిచ్చిన గదులు ఇరవై నాలుగు,
గోడకు ఆనుకుని పక్కింట్లో బరువు.

సీ భాషలో మాటకు కొలత రాసి ఉండదు.
చివర ఒక సున్న ఉంటుంది,
అది ఎదురయ్యేదాకా చదువుతూ పోవడమే.
సున్నకు సున్న హళ్లికి హళ్లి అని నవ్వేస్తాం గానీ
ఇక్కడ ఇంటికి తలుపు ఆ సున్నే.

ఇరవైమూడు అక్షరాలు, ఒక సున్న. సరిపోవాలి.
సరిపోలేదు.
ఆమె ఇంటిపేరు చివరి 'ఎ' నెత్తిన ఒక చుక్క ఉంది.
కంటికి అది ఆవగింజ,
యంత్రానికి ఇంకో బైటు.
చోటు చాలని సున్న
చప్పుడు చెయ్యకుండా పక్కింట్లోకి నడిచి
బరువు తాలూకు మొదటి గదిలో కూర్చుంది.

కాజిమియెరాస్‌కి ఫోను చేసింది.
ముప్పై ఏళ్ల కిందట ఆ వరస రాసినవాడు,
పక్కన వ్యాఖ్య కూడా: ఇరవై నాలుగు చాలు.
"అప్పట్లో ఈ రేవుకొచ్చే నౌకలన్నీ
నాకు మొహం చూస్తే తెలిసేవమ్మా" అన్నాడు.
అబద్ధం కాదది.
తెలిసినవాడికి కుంచం అక్కర్లేదు,
వాడు వెళ్లిపోయాక కావాలి.

ఆమె రాసింది పదకొండు వరసలు.
పోసేముందు అడుగుతుంది: పాత్ర ఎంత?
పోసేది ఎంత? తలుపుకి చోటుందా?
లేదంటే ఒక్క చుక్కైనా పోయదు,
అక్షరాన్ని నడిమికి నరకదు,
వెనక్కి తిరిగి "పట్టదు" అంటుంది.
ఇంకో చిన్నది కూడా రాసింది:
ఖాళీ చేసిన ఇంటి చిరునామాను
చేతిలోంచి అక్కడికక్కడే చెరిపేసేది,
ఎవరూ పాత తాళంతో వెళ్లి
కొత్తవాళ్ల మంచం మీద పడుకోకుండా.

ముసలాయన అంతా చదివాడు. ఒక్కటే అడిగాడు:
"అది పట్టదంటుంది సరే,
వినేదెవరు?"

మూడువందల నలభై చోట్ల
పాత పిలుపు తీసి కొత్తది పెట్టింది.
ప్రతిచోటా ఆ జవాబు కోసం ఆగింది.
మార్చి సగం అలాగే కరిగిపోయింది.

(ఇది రాస్తూ నేనూ ఆగి లెక్కపెట్టుకున్నాను.
స్త్రీ.
నోటికి ఒక్క అక్షరం,
యంత్రానికి పద్దెనిమిది బైట్లు.
ఎవరి పాత్రలో పడతాం మనం?)

ఏప్రిల్లో ఒక రాత్రి, మూడు దాటాక,
క్రేను పైనుంచి బోలెస్లోవాస్ ఫోను.
గాలి హోరు, దాని వెనక అతని తిట్లు.
"ఎవరిదో చాంతాడంత పేరు.
నీ యంత్రం ఎత్తనంటోంది!"

ఉర్షులె చీకట్లో లేచి కూర్చుంది.
"ఏమంది? ఉన్నదున్నట్టు చదువు."

"పేరు పట్టలేదు, అంది."

"ఇంకోసారి చదువు" అంది
చెప్పులు వెతుక్కుంటూ.