గోడవైపు

గోరువెచ్చటి నీళ్లలో పోస్టరు నాని గంటన్నర.
డండీ మ్యూజియం నేలమాళిగలో
నేనూ, దూది ఉండలూ, ఒక ఎముక కత్తీ.
బయట టే నది మీద వాన.

పైవైపు అందరికీ తెలిసిందే.
కొండ అంచున ఒరిగిన సిపాయి,
ఛాతీ మీద మరక లేదు,
బూట్లకి బురద లేదు.
వెనకాల సూర్యుడు, కోడిగుడ్డు సొన.
కింద పెద్దక్షరాలు:
"వాళ్ల వంతు వాళ్లు ఇచ్చేశారు. నీ వంతు?"
ఆ ప్రశ్నార్థకం అచ్చం గాలమే,
ఎరకి మాత్రం సూర్యోదయం.

పాత జిగురు గోధుమపిండిది.
వందేళ్ల తర్వాత తడిస్తే
ఇప్పటికీ పులిసిన గంజి వాసన.
నా వేళ్లు మూడు రోజులుగా అదే వాసన,
ఇంటికెళ్తే పిల్లి దగ్గరికి రావడం లేదు.
పదిహేడో సంవత్సరం,
రొట్టె కోసం తెల్లవారుజామునే వరసకట్టిన ఊరు
గోడలకి పిండి పూసింది.

అంగుళం అంగుళం ఒలుస్తూ పోతే
గోడవైపున, పెన్సిల్ రాత.

ఆర్చీ గెడ్డిస్. ఆరో నంబరు బూటు. ఎడమది కరిచేది.

తొట్టి అంచు పట్టుకుని కాసేపు నిలబడ్డాను.

రెండో పోస్టరు వెనక:
ఆర్చీ. గంజిలో ఉప్పే. చక్కెర వేస్తే అలిగేవాడు.

మూడోది వేరే పేరు:
జేమ్సీ పెట్రీ. వాళ్లమ్మకి రాయడం రాదు,
నన్ను రాయమంది.

కూలి పుస్తకంలో ఒక్క వరసే దొరికింది:
ఎఫీ గెడ్డిస్, రాత్రి పని, డజనుకి రెండు పెన్నీలు.
పగలు జనపనార మిల్లు కాబోలు.
తల్లో, అక్కో, పెళ్లామో, పుస్తకం చెప్పదు.
నిచ్చెన, బకెట్టు, చలికి మొద్దుబారిన వేళ్లు,
బ్రష్షు ముంచేముందు కాగితం తిరగేసి
మోకాలి మీద పెట్టుకుని రాసి ఉంటుంది.
గోడలకి చెవులుంటాయని అందరూ గుసగుసలాడే రోజుల్లో
ఆ చెవుల్లోనే చెప్పింది.
తర్వాత చదును చేసింది, బుడగలు లేకుండా,
పనిమంతురాలిలా.

మూలన ఒక బొటనవేలి ముద్ర,
జిగురులో ఎండిపోయి.
నా వేలు ఆనించి చూశాను.
చిన్నది. నాదే పెద్దది.

ఫిన్లే ఫోన్:
"వెనక లినెన్ అతికించెయ్,
సోమవారం గోడకెక్కాలి,
ఎవరైనా చూసేది ముందువైపే కదా."
పిండి ఉడికించాను. కొలత ఇప్పటికీ అదే,
ఒక పాలు పిండి, నాలుగు పాళ్లు నీళ్లు.
లినెన్ కత్తిరించి బల్లమీద పరిచాను.
పొయ్యి ఆర్పాను.

మళ్లీ ఫోన్. ఎంతవరకు వచ్చింది?
ఇంకా తడి ఆరలేదు అన్నాను.

పొద్దున్నే ఆరింది.