గో తర్వాత ఇంగ్

కాశీబుగ్గలో జీడిపిక్కల గోదాం మీద
ఒక గది. రెండు ట్యూబులైట్లు, అందులో ఒకటి రెప్పలాడిస్తుంది.
సాయంత్రం ఆరున్నరకి
బట్టీల పొగవాసన కూడా మెట్లెక్కి వచ్చి
వెనక బెంచీలో కూచుంటుంది.

ఇవాళ్టి పాఠం: తీరిక వేళల్లో మీరేం చేస్తారు?

బోర్డు మీద రాశాను.
లైక్ వస్తే వెనకాలే ఇంగ్ పెట్టండి.
ఎంజాయ్ వస్తే ఇంగ్ తప్పదు, టు తగిలించకూడదు.
బంతి ఉన్నచోట ప్లే.
గడప దాటి వెళ్లేచోట గో, దాని వెనక ఇంగ్:
గో స్విమ్మింగ్, గో షాపింగ్, గో ఫిషింగ్.

కిసుక్కున నవ్వు.
నువ్వలరేవు కుర్రాడు, మువ్వల కామేశు.
లచ్చివారం విశాఖలో హోటలు ఉద్యోగానికి ఇంటర్వ్యూ వాడికి.
"ఫిషింగు సరదాకేటి మేడమ్?
మా నాన్న తెల్లారగట్ల మూడింటికి లెగుస్తాడు.
మావోళ్లు దాన్ని గో అనరు, వేటంటారు.
ఎల్లినోడు తిరిగొచ్చినాకే
ఎల్లాడని సెప్తారు."

పుస్తకంలో బొమ్మ ఉంది.
టోపీ పెట్టుకున్న మనిషి, మడతకుర్చీ,
నీళ్లలోకి దారం, పక్కన నిద్రపోతున్న కుక్క.
కామేశు దాన్ని చాలాసేపు చూశాడు.
"ఈయనకి సేప పడకపోయినా
ఇంట్లో అన్నం ఉడుకుద్ది."

నేను గబగబా పేజీ తిప్పేశాను.

దమయంతి లేచింది.
పద్దెనిమిదేళ్లుగా పప్పు మీద పొట్టు తీస్తోంది.
జీడిసొన ఆమె వేళ్ల మీది గీతలన్నీ తినేసింది.
రేషన్ డిపోలో మెషిన్ ఆమెని గుర్తుపట్టదు.
"ఐ లైక్..." అని ఆగింది.
"ఐ లైక్... కూకోడం."
సిట్టింగ్, అని అందించాను.
"ఉత్త సిట్టింగ్ కాదు మేడమ్.
పన్లో పొద్దుగూకులా సిట్టింగే గదా.
ఇది ఊరకే.
ఆదివారం మద్దేనం కరెంటు పోయాక,
అరుగు మీద, ఊరకే."

ఊరకే.
చాక్‌పీసు పట్టుకుని ఆ మాటకి ఇంగ్లీషు వెతికాను.
నథింగ్ అంటే ఏమీ లేదని. ఆమెకి ఉంది.
ఫ్రీ అంటే డబ్బుల లెక్క.
లేజీ అంటే తిట్టు, అది వాళ్ల మేస్త్రీ రోజూ తిడుతూనే ఉన్నాడు.

ఇరవై ఆరేళ్లుగా క్రియలు నేర్పుతున్నదాన్ని,
'నాకిష్టం' అనే మాటలో
క్రియే లేదని ఇవాళ కనిపించింది.
మన దగ్గర ఇష్టం దానంతటదే వచ్చి
కాళ్ల దగ్గర పడుకుంటుంది, పిలవని పిల్లిలా.
ఇంగ్లీషులో ముందు నేను నిలబడాలి.
తర్వాత ఇష్టపడాలి.
ఆ ఇష్టానికి ఒక పని చూపించాలి.
అక్కడ తీరిక కూడా హాజరు వేయించుకుంటుంది.

తీరిక అంటే అన్నీ తీరాక మిగిలేది అనుకునేదాన్ని.
దమయంతికి చీటీ బాకీ తీరలేదు,
కూతురి ఫీజు తీరలేదు, నడుంనొప్పి తీరలేదు.
అయినా కూచుంటుంది.

"మరి మీరో మేడమ్?"
ముందు బెంచీలోంచి కండక్టర్ అప్పన్న.
ఐ ఎంజాయ్, అని రాశాను.
చుక్కలు పెట్టాను.
పలాస స్టేషన్లో ఏదో గూడ్సు
ఎంతకీ అయిపోకుండా వెళ్తూనే ఉంది.
రేపు చెప్తాను, అన్నాను.

రాత్రి కాపీలు దిద్దుతుంటే దమయంతిది వచ్చింది.
నాలుగు గీతల మధ్య ఒద్దికగా, తెలుగూ ఇంగ్లీషూ కలిపి:
ఐ లైక్ ఊరకే సిట్టింగ్.
ఎర్ర పెన్ను మూత తీశాను. మళ్లీ పెట్టేశాను.
నా చుక్కలు ఇంకా బోర్డు మీదే ఉన్నాయి.

లచ్చివారం సాయంత్రం కామేశు ఫోన్.
హాబీలు అడిగారంట.
ఏం చెప్పావురా?
"స్విమ్మింగ్ అన్నాను మేడమ్.
బోటు తిరగబడితే ఈదాల గదా, అబద్దం కాదు.
ఇంగ్ మర్సిపోలేదు."